రొట్టె మీద గోధుమ కంకి

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ముందు కౌంటర్ దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది, డెమో క్లాసు ఉంటుందా, కోర్సు అయ్యాక ఉద్యోగం వస్తుందా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్లు అడుగుతూనే ఉంటారు, నేను చెబుతూనే ఉంటాను. జవాబులన్నీ నోటికి వచ్చేసి చాలా ఏళ్లయింది. నిద్రలో కూడా "సోమవారం కొత్త బ్యాచ్ అండీ" అన్నానని మా ఆయన ఏడిపిస్తుంటారు. అన్నానో లేదో నాకు తెలియదు. అని ఉంటాను.

సోర్‌డో బ్రెడ్ పిచ్చి నాకు ఆ కౌంటర్ దగ్గరే అంటుకుంది. మా దగ్గర పాఠాలు చెప్పే ఒకమ్మాయి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేది. పుణేలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ, మూత వదులుగా పెట్టిన గాజు సీసా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల బుడగలు బుడగలుగా మైదా పిండి.

"మేడం, ఇది ఉంటే ఈస్టు లేకుండానే రొట్టె పొంగుతుంది. రోజూ కాస్త పిండి, కాస్త నీళ్లు పోస్తే బతికే ఉంటుంది. పారేయడానికి మనసు రాలేదు, మీరు ఉంచుకోండి" అంది.

ఇడ్లీ పిండి పులియబెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఇదేం పెద్ద విద్య అనుకుని తీసుకున్నాను. పెద్ద విద్యే. మొదట్లో చేసిన రొట్టెలకు కత్తి దిగలేదు. మా ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నారు.

"మంచిగ కాలింది. గోడ కట్టెతందుకు పనికొస్తది" అన్నారు.

ఆయన పుట్టి పెరిగింది బల్కంపేటలో. మాది గుంటూరు వైపు. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఇంట్లో రొట్టె అనే మాట దగ్గర తికమకే. నేను రొట్టె అంటే ఆయన జొన్న రొట్టె అనుకుని పళ్లెం ముందు కూర్చుంటారు. నేను చేసేదాన్ని ఆయన డబల్ రొట్టె అంటారు. ఇరానీ హోటల్లో చాయ్‌లో ముంచుకునేదీ అదే, నేను రెండు రోజులు తంటాలు పడి చేసేదీ అదే. ఆయన దృష్టిలో రెండిటికీ తేడా నా నడుం నొప్పి ఒక్కటే.

కొన్నాళ్లకు రొట్టె పొంగడం మొదలైంది. పొంగి, పక్కకు పగిలేది. ఓవెన్ వేడికి లోపల ఆవిరి పుట్టి బయటికి తన్నుకొస్తుంది. మనం దారి చూపించకపోతే ఎక్కడ పలచగా ఉంటే అక్కడ అదే చీల్చుకుని వచ్చేస్తుంది. అందుకే కాల్చడానికి ముందు పిండి ముద్ద మీద బ్లేడుతో ఒక గాటు పెట్టాలి. మొదటిసారి గాటు పెడుతుంటే మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి చూసి బాధపడ్డారు.

"గింత మంచిగ గుండ్రంగ చేసి, మళ్ల దాన్ని కోస్తవేందే?"

"కోయకపోతే అదే పగిలిపోతుందండీ."

"నా గడ్డం బ్లేడ్లు గిందుకే మాయమైతున్నయా!" అన్నారు. అప్పటిదాకా ఆ సంగతి ఆయన గమనించలేదు.

లోతు గాటు ఒక్కటి దారి కోసం. అది పెట్టాక, మిగతా చోటంతా పైపైన సన్నగా గీస్తే బొమ్మ వస్తుందని వీడియోల్లో చూశాను. ముద్ద మీద బియ్యప్పిండి పలచగా రాసి గీస్తే, కాలాక పిండి తెల్లగానే ఉంటుంది, గీత ఎర్రగా తేలుతుంది. ఇంకేముంది, మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లందరూ ముగ్గు వేయమన్నారు. వేశాను. నేల మీద ముగ్గు వేసిన చోటే ఉంటుంది. రొట్టె మీద ముగ్గు ఓవెన్లోకి వెళ్లాక నడవడం మొదలుపెడుతుంది. చుక్కలు ఎటో పోతాయి, మధ్యలో పద్మం నోరు తెరిచి నవ్వుతుంది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు చాలా రొట్టెలే పట్టాయి. ఇప్పుడున్న ముద్దను చూసి కాదు, పొంగాక ఎలా ఉంటుందో ఊహించుకుని గీయాలి. ఆకు లావుగా రావాలంటే సన్నగా గీయాలి. దగ్గరగా ఉండాల్సినవి ఇంకా దగ్గరగా గీయాలి.

అన్నిటిలోకీ గోధుమ కంకి నాకు బాగా కుదిరింది. ఒక పక్క లోతు గాటు, రెండో పక్క సన్నటి కాడ, దానికి అటూ ఇటూ బ్లేడు మొనతో చిన్న చిన్న గింజలు. కాలాక గింజలు కాస్త లేచి నిలబడతాయి. అది చూసుకున్న రోజున నాకు కౌంటర్ దగ్గర ఎవరు ఏమడిగినా విసుగు వచ్చేది కాదు.

ఒక ఆదివారం స్టాఫ్ అందరికీ పెడదామని కంకి ఉన్న రొట్టె ఒకటి ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్లాను. ఇంకా కోయకుండా కౌంటర్ మీదే ఉంది. ఆదివారం బ్యాచ్‌కి వచ్చే ఒకావిడ దాని ముందు ఆగిపోయింది. ముప్పై దాటిన మనిషి. కృష్ణానగర్లో ఉంటుంది, సినిమాలకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తుంది. సెట్లో కనిపించే కుండ దగ్గర నుంచి కుర్చీ దాకా అన్నీ తెచ్చి అమర్చే పని. కంప్యూటర్లో సెట్లు గీయడం నేర్చుకుందామని మా దగ్గర చేరింది. అప్పటిదాకా నాతో ఆమె మాట్లాడింది క్లాసు టైముల గురించే.

"మేడం, గిది ఏ బేకరీల తెచ్చిన్రు?"

"బేకరీ ఏంటండీ, ఇంట్లో నేనే చేశాను."

"గీ కంకి సుత?"

"బ్లేడుతో గీశాను."

ఆమె వంగి, రొట్టెను పక్క నుంచి, పైనుంచి, మళ్లీ పక్క నుంచి చూసింది. ఫోన్లో ఫొటో తీసుకుంది. క్లాసుకు వెళ్లి, సగంలో లేచి మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"మేడం, జర సాయం చెయ్యాలె మీరు" అంటూ మొదలుపెట్టింది.

వాళ్లు తీస్తున్న సినిమాలో ఒక తల్లి ఉంది. ఇంట్లో రొట్టెలు చేసి హోటళ్లకు వేస్తుంటుంది. ప్రతి రొట్టె మీదా ఏదో ఒక గుర్తు గీస్తుంది. ఆమె మీద అలిగి వెళ్లిపోయిన కూతురు ఒక రోజు ఏదో హోటల్లో బల్ల మీద ఆ గుర్తున్న రొట్టె చూసి, ఇది అమ్మ చేసిందే అని పోల్చుకుంటుంది. ఆ సీను కోసం మా ఆదివారం బ్యాచ్ ఆవిడ థర్మోకోల్‌తో రొట్టె చెక్కించి రంగు వేయించిందట. డైరెక్టరు దాన్ని చూసి పక్కన పడేశారట.

"కూతురు విరుస్తే ఆవిరి రావాలె అంటుండు. థర్మోకోల్‌ల ఆవిరి యాడికెళ్లి తెస్త మేడం? మీరు గిసువంటివి అయిదు చేసియ్యాలె. ఒక్క షాటు ఎన్నిసార్లు తీస్తరో ఎవలకు తెల్వది. గని అయిదూ ఒక్క తీరుగుండాలె. లేకుంటే కంటిన్యుటీ పోతది."

కంటిన్యుటీ అంటే ఏమిటో ఆమే చెప్పింది. ఇప్పుడు తెర మీద చూసిన రొట్టె, మరు నిమిషంలో ఇంకో రొట్టెగా మారిపోయిందని చూసేవాళ్లకు తెలియకూడదు.

నేను ఆలోచించకుండా సరే అనేశాను. నా చేత్తో చేసినదాన్ని నాకు కావాలి అని ఒకరు అడగడం అదే మొదలు. ఇంట్లో వాళ్లు తింటారు, ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. అది వేరు. ఈమె పని దీని మీద ఆగి ఉంది. ఆ సాయంత్రం మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే, ఆ గోలలో, ఆ హారన్లలో, నాలో నేనే నవ్వుకుంటున్నానని ఎదురొచ్చినావిడ ఎవరో నన్ను వింతగా చూసినప్పుడు గానీ తెలియలేదు.

"అయిదా?" అన్నారు మా ఆయన. "మన పొయ్యిల ఒక్కసారికి ఒక్కటే కదా పడ్తది?"

"ఒకదాని తర్వాత ఒకటి కాలుస్తాను."

"మరి ఫ్రిజ్‌ల?"

అది నేను ఆలోచించలేదు. పిండి ముద్దలు రాత్రంతా చల్లగా ఉండాలి. చల్లగా ఉంటేనే బ్లేడు సాఫీగా నడుస్తుంది. మా ఆయన ఇంకో మాట లేకుండా ఫ్రిజ్ ముందు కూర్చుని గోంగూర పచ్చడి, మాగాయ, పెరుగు గిన్నె, కూరగాయలు అన్నీ బయటకు తీశారు. పాడయ్యేవి ఎదురింటికి చేరవేశారు. ఖాళీ అయిన అరల్లో బట్ట పరిచిన వెదురు బుట్టలు వరసగా పేర్చాం. మరునాడు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు. నేను పెట్టమనలేదు.

పొద్దున్నే ఆర్ట్ ఆవిడ వచ్చేసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "మేడం" పోయి "అక్కా" వచ్చింది. సన్నటి కాగితం మీద నా కంకిని కొలతలతో గీసి, గింజల చోట చిల్లులు పొడిచి తెచ్చింది. ముద్ద మీద కాగితం పరిచి బియ్యప్పిండి చల్లితే చిల్లుల చోట తెల్లటి చుక్కలు పడ్డాయి. ఆ చుక్కల మీదే నేను గీశాను. మొదటిది ఇనుప గిన్నెలో పెట్టి, మూత వేసి, ఓవెన్లోకి తోశాం. అది కాలి బయటికి వచ్చాక రెండోది. మా వంటిల్లు పొయ్యి లోపల ఉన్నట్టే ఉంది. మా ఆయన మధ్య మధ్యలో మజ్జిగ కలిపి ఇస్తున్నారు. ఆమె వాళ్ల ఊరి కబుర్లు చెబుతోంది. సిద్దిపేట దగ్గర పల్లె, నాన్న వడ్రంగి. చిన్నప్పుడు రంపపు పొట్టులో ఆడుకునేదట. అందుకే ఏ చెక్కడం చూసినా చెయ్యి దురద పెడుతుందంది.

సాయంత్రానికి అయిదు రొట్టెలూ బల్ల మీదకు చేరాయి.

ఒకటి బాగా పొంగి కంకి పక్కకు ఒరిగింది. ఒకదాని గింజలు విచ్చుకున్నాయి, ఇంకోదాని గింజలు ముడుచుకునే ఉన్నాయి. ఒకదాని కాడ ఎందుకో వంకర తిరిగింది. ఒక్కటి మాత్రం కాగితం మీద బొమ్మలా వచ్చింది. అదే చుక్కలు, అదే బ్లేడు, అదే చెయ్యి.

ఆమె నేల మీద చతికిలబడింది.

"అక్కా, గీటిని చూస్తే ఒక్క తల్లి పిల్లలే అంటరు. గని ఒక్కటే పిల్ల అనరు."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. పిండి తప్పేమీ లేదు. ఒక్కో ముద్ద ఒక్కోసేపు ఫ్రిజ్‌లో ఉంది, ఒకటి చివరి దాకా ఆగాల్సి వచ్చింది. అంతా తెలుసు. కానీ ఆమెకు కావాల్సింది కారణాలు కాదు, రొట్టెలు.

మా ఆయన కుర్చీ లాక్కుని అయిదింటినీ చూస్తూ కూర్చున్నారు.

"నాకు తెల్వక అడుగుతున్న" అన్నారు ఆమెతో. "మీ సినిమాల గా తల్లి చేత్తోనే చేస్తది కదా? చేత్తో చేస్తే గిట్లనే ఉంటయ్. ఒక్క తీరుగుంటే మెషీన్‌ల చేసిందనుకోదా గా పిల్ల?"

ఆమె ఆయన వంక చూసింది. తర్వాత రొట్టెల వంక చూసింది. ఫోన్ తీసి, అయిదింటినీ ఒకే ఫొటోలో పట్టేలా జరిపి, డైరెక్టరుకు పంపి, బాల్కనీలోకి వెళ్లి మాట్లాడింది. కింద రోడ్డు చప్పుడులో మాకు ఏమీ వినపడలేదు. ఆమె చెయ్యి మాత్రం గాల్లో కంకులు గీస్తోంది.

లోపలికి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"సార్‌కు మస్తు నచ్చింది. ఒక్క తీరుగ వద్దంటుండు. తల్లి గీసేది సుత చూపిస్తడంట. పిల్ల గుర్తుపట్టేది గా బొమ్మను కాదు, గీసిన చేతిని అంటుండు. గందుకే..." అని ఆగి, నా చేతులు రెండూ పట్టుకుంది. "మీరు రావాలె అక్కా. షాట్‌ల మీ చేతులే ఉండాలె. ఆ అమ్మ వేషం వేసే ఆర్టిస్టుకు బ్లేడు పట్టరాదు."

మా ఆయన పెద్దగా నవ్వేశారు. "ఇగ హీరోయిన్‌వైపోయినవ్ పో!" అన్నారు.

షూటింగు మా ఇంటికి దూరం కూడా కాదు. పంజాగుట్టలోనే, మెయిన్ రోడ్డుకు లోపలి గల్లీలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కొత్తగా చేసిన పిండి ముద్దలు మూడింటిని ఐసు పెట్టిన డబ్బాలో సర్ది ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నాను. చౌరస్తాలో సిగ్నల్ పడినప్పుడల్లా మూత ఎత్తి చూసుకుంటుంటే, "ముద్దలు ఏడికి పోవు గని నువ్వు గట్టిగ పట్టుకో" అని మా ఆయన కసిరారు.

లోపల ఎక్కడ చూసినా వైర్లు, లైట్లు. వంటింటి బల్ల ముందు నన్ను నిలబెట్టారు. అమ్మ వేషం వేసే నటి అప్పటికే అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. చాలా సినిమాల్లో చూసిన ముఖం. దగ్గర నుంచి చూస్తే మా పెద్దమ్మలా ఉన్నారు.

"నా చేతులు నీ చేతుల్లా కనపడాలి కదమ్మా. నీ గాజులు ఒకసారి ఇస్తావా?" అన్నారు.

నా మట్టి గాజులు ఆవిడకు సగం, నాకు సగం పంచారు. ఆవిడ కట్టుకున్న చీరలాంటిదే నాకూ కట్టారు. ఫ్యాన్ వేస్తే పిండి ఎగురుతుందని ఆపేశారు. మొదటి ముద్దను బల్ల మీద పెట్టగానే లైటు జరిపారు, కెమెరా జరిపారు, మళ్లీ లైటు జరిపారు. నేను బ్లేడు ఆనించేసరికి ముద్ద వేడెక్కి మెత్తబడిపోయింది. బ్లేడుకు పిండి అంటుకుని సాగింది. కంకి రావలసిన చోట గీరుకుపోయిన మరక మిగిలింది.

అంతమందీ నన్నే చూస్తున్నారు. అయినా నోరు విప్పాను. ఇన్నేళ్లు కౌంటర్లో కూర్చున్నందుకు ఆ మాత్రం ధైర్యం ఉంది.

"సార్, ఈ పాడైన ముద్దను ఇక్కడే ఉంచి మీ లైట్లన్నీ దీని మీదే చూసుకోండి. అంతా సరే అనుకున్నాక చెప్పండి, అప్పుడు చల్లటిది తీస్తాను. తీసిన వెంటనే గీయాలి."

డైరెక్టరు తలూపారు. పాడైన ముద్ద పాపం అరగంట పైనే నటించింది. అంతా సర్దుకున్నాక డబ్బా తెరిచి రెండోది తీశాను. బియ్యప్పిండి రాస్తూ లైట్ల వంక చూశాను. ఆర్ట్ ఆవిడ కెమెరాకు కనపడకుండా బల్ల కింద గొంతుక్కూర్చుని ఉంది.

"అక్కా, గీ లైట్లు గిట్ల ఏం సూడకు. ఇంట్ల చేసినట్టే చెయ్" అంది మెల్లగా.

లోతు గాటు పెట్టాను. పిండి గట్టిగా, చల్లగా, బ్లేడుకు తగినంతగా లొంగుతూ తెరుచుకుంది. ఆ తర్వాత నాకు ఇంకెవరూ గుర్తులేరు. కాడ, ఒక గింజ, దాని పక్కన ఇంకో గింజ. చివరి గింజ అయ్యాక తలెత్తాను. "ఓకే" అని డైరెక్టరు అనగానే అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ నటి మాత్రం నన్నే చూస్తూ కూర్చున్నారు. చేతుల్ని కాదు, ముఖాన్ని.

"నువ్వు గీసేటప్పుడు నాలుక చివర కొంచెం బయటపెట్టి పళ్లతో పట్టుకుంటావు, తెలుసా?" అన్నారు.

నాకు తెలియదు. మా ఆయన గుమ్మం దగ్గర నుంచి "అవునమ్మా, ఎప్పుడు సూసినా గంతే!" అని అందుకున్నారు. ఇన్నాళ్లూ నాకు ఒక్కసారీ చెప్పని మనిషి.

"నేను అది వాడుకోవచ్చా?" అని అడిగారావిడ. అంత పెద్దావిడ, నా నాలుక కొస కోసం నన్ను అడగడం! సిగ్గేసి తలూపాను. తర్వాత ఆవిడ ముఖం మీద షాటు తీశారు. చేతిలో బ్లేడు లేదు, ముందు పిండి కూడా లేదు. ఉత్త బల్ల మీదకు వంగి, నాలుక పళ్ల మధ్య పట్టి, గాల్లో గింజలు గీస్తున్నారావిడ. చూస్తుంటే నన్ను నేనే కిటికీలోంచి చూసుకున్నట్టు అనిపించింది. ఎంత ఇష్టంగా చేస్తున్నానో బయటి నుంచి ఎప్పుడూ చూసుకోలేదు కదా.

మా ఇంట్లో కాల్చిన ఆ అయిదు రొట్టెల్లోంచి షాటు కోసం వేడి చేసి ఇస్తే, కూతురి వేషం వేసిన అమ్మాయి మూడుసార్లు విరిచింది. ఆవిరి బాగానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర లైట్ల వాళ్లు మిగిలిన రొట్టెల్ని చికెన్ కూరలో ముంచుకుని తిన్నారు. కంకి ఉన్న పెంకు ముక్క కోసం ఇద్దరు వాదించుకున్నారు కూడా.

"జర పుల్లగున్నది గని మస్తున్నదక్కా" అన్నాడు ఒకాయన, రెండో ముక్క అందుకుంటూ.

ఆ సినిమా ఇంకా బయటకు రాలేదు. డబ్బింగ్ అయిందని ఒకసారి, ఏవో పాటలు మిగిలాయని ఒకసారి ఆర్ట్ ఆవిడ చెబుతుంటుంది. వచ్చినా నా చేతులు ఎంతసేపు ఉంటాయో, అసలు ఉంటాయో లేదో ఆమె కూడా చెప్పలేదు. నాకు అంత ఆత్రం కూడా లేదు. మా బంధువులకు మాత్రం మా ఆయన ఎప్పుడో చెప్పేశారు.

ఇప్పుడు ఆమె ఆదివారం క్లాసు అయ్యాక నాతో పాటే మా ఇంటికి వస్తుంది. నేను రెండు ముద్దలు తయారుగా ఉంచుతాను. నాది నాకు, ఆమెది ఆమెకు. కాగితాలు, చిల్లులు, కొలతలు ఏమీ ఉండవు. కిందటి ఆదివారం ఆమె చేప గీసింది. పొలుసులన్నీ శ్రద్ధగా పెట్టింది గానీ, లోతు గాటు చేప నోటి దగ్గర పెట్టడంతో, కాలి వచ్చేసరికి అది ఎవరినో మింగడానికి వస్తున్నట్టు నోరంతా తెరిచింది. మా ఆయన దాన్ని చూసి, "గిది డబల్ రొట్టె కాదు, మొసలి" అన్నారు. ముగ్గురం నవ్వుకుని, తోక వైపు నుంచి కోసుకుని, వెన్న రాసుకుని తిన్నాం. తల భాగం ఆమె కాగితంలో చుట్టుకుని కృష్ణానగర్ పట్టుకెళ్లింది.